శివపార్వతి గారు ఎక్కడున్నా రావలెను

విజయవాడ బస్టాండులో మీరెప్పుడైనా పిల్లాణ్ణో పెద్దవాళ్లనో పోగొట్టుకుని ఉంటే, శివపార్వతి గొంతు మీకు తెలిసే ఉంటుంది. బస్సుల వేళలు ఇప్పుడు కంప్యూటరే చదివేస్తోంది. దానికి దగ్గు రాదు, సెలవూ అక్కర్లేదు. తప్పిపోయినవాళ్లని పిలవడానికి మాత్రం ఇంకా మనిషి కావాలి. ఆ మనిషి మా శివపార్వతి. నా పేరు రమాసుందరి. ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఎంక్వయిరీకి వచ్చే జనానికి జవాబులు చెబుతుంటాను. నా నోరు మంచిది కాదని స్టాఫంతా అంటారు. గుడివాడ బస్సెక్కడ ఆగుతుందో చెప్పాక మళ్లీ అదే అడిగితే ఎవరి నోరు మాత్రం మంచిగా ఉంటుంది?

శివపార్వతికి అసలు నోరే లేదు. మైకు ముందు కూర్చుంటే బస్టాండంతా మోగే ఆ గొంతు, ఉయ్యూరులో తన ఇంటి గుమ్మం దాటేసరికి వంటింట్లోంచి హాల్లోకి కూడా వినబడదు. అత్తగారు సుబ్బరత్నం ఏమన్నా "అలాగే అత్తయ్యా" అనడమే. నాకు ఒళ్లు మండేది. "నీ గొంతు పది ఊళ్లు వింటాయే, మీ అత్తగారికొక్కదానికి వినిపించలేవా?" అంటే నవ్వేసేది.

మేమిద్దరం ఉయ్యూరు వాళ్లమే, పక్కపక్క వీధులు. పొద్దున్నే ఒకే బస్సెక్కి వెళ్లేవాళ్లం. తప్పిపోయినవాళ్లని పిలిచే పద్ధతి ఒకటి ఆమె నాకు చెప్పింది. పేరు రెండుసార్లు పిలవాలి, రెండోసారి ఇంకా నెమ్మదిగా. మొదటిసారి విన్నప్పుడు అది తమ పేరేనని వాళ్లు నమ్మరట. దసరా రద్దీలో ఇది నేను కళ్లారా చూశాను. రెండో పిలుపుకే ముసలమ్మలు తలెత్తి చూస్తారు.

ఆమెకి లూపస్ అనే జబ్బుంది. ఒంటికి కాపలా కాయాల్సినవాడే ఒంటి మీద కర్ర ఎత్తే జబ్బు. కూతురు ఉషశ్రీ పలక పట్టే వయసులో మొదలైంది, ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్. అన్నేళ్లుగా శివపార్వతి రోజూ స్టెరాయిడ్ మాత్ర మింగుతోంది. క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నాక సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఒక తెల్ల బిళ్ల వేసుకునేది. ఆ మందువల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది. అత్తగారు దాన్ని బొద్దుతనం కింద జమకట్టి, "మా ఇంటి తిండి బాగానే పడుతోంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి నేనే తోడు వెళ్లాను. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూస్తూ గట్టిగా చెప్పింది. "ఏం జరిగినా ఈ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదమ్మా. జ్వరమొచ్చినా, వాంతులైనా, ఒంటి మీద పొక్కులు కనబడినా ఆ రోజే రావాలి. రేపు చూద్దాంలే అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది." శివపార్వతి "అలాగేనండి" అంది. ఆ "అలాగే" ఎంతమందికి చెబుతుందో నాకు తెలుసు కాబట్టి, ఆ మాటలు నేనే గుర్తుపెట్టుకున్నాను.

మొన్న ఎండాకాలం మొదట్లో ఉషశ్రీకి కాలేజీ హాస్టల్లో ఆటలమ్మ పోసింది. పిల్లని ఇంటికి తీసుకొచ్చారు. సుబ్బరత్నంగారు గుమ్మానికి వేపమండలు కట్టి, వేపాకు పరిచిన పక్క మీద మనవరాల్ని పడుకోబెట్టి, పెరుగన్నం, కొబ్బరినీళ్లు తప్ప మరేం పెట్టలేదు. ఒక్క మందుబిళ్ల ఇంట్లోకి రానివ్వలేదు. పిల్ల చక్కగా కోలుకుంది, వేపాకు నీళ్లు పోశారు, అమ్మవారికి చలిమిడి నైవేద్యం పెట్టారు. ఆ రోజు నాకూ ప్రసాదం వచ్చింది. నేను నమ్మని మనిషినేం కాదు, కళ్లకద్దుకునే తిన్నాను.

ఆ తర్వాత అమ్మవారు తల్లి మీదికి వచ్చింది.

డ్యూటీకి రాకపోయేసరికి ఫోన్ చేశాను. ఉషశ్రీ ఎత్తింది. "అమ్మక్కూడా పోసిందాంటీ. నానమ్మ ఫోన్ పట్టుకోనివ్వట్లేదు" అంది. మాత్ర వేసుకుంటోందా అని అడిగాను. "కనుక్కుంటానాంటీ" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే వాళ్ల నానమ్మే తీసి, "ఇంట్లో అమ్మవారుందమ్మా, ఫోన్లు మోగకూడదు" అంది. ఇంక ఆ ఫోన్ మోగలేదు. సాయంత్రం వాకిట్లోంచే అడిగితే, "నిద్రపోతోందమ్మా, చల్లగానే ఉంది" అని పంపేసింది. తర్వాత తెలిసింది, శివపార్వతి మొదటి రోజే అత్తగారితో అందట, "మాత్ర మానకూడదన్నారత్తయ్యా" అని. ఒక్కసారే అంది, అదీ హాల్లోకి వినబడని గొంతుతో. "పిల్లకి ఏ మాత్ర వేశామని తగ్గింది? అమ్మవారికి మందు చూపిస్తామా?" అని అత్తగారు డబ్బా తీసి దేవుడి గూట్లో పైన పెట్టేసింది. శివపార్వతి "అలాగే" అనేసింది.

వారం తిరగలేదు. మధ్యాహ్నం కౌంటర్లో ఉన్నాను. ఉషశ్రీ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసింది.

"ఆంటీ, అమ్మ బస్సులు పిలుస్తోంది."

నాకు అర్థం కాలేదు. "ఏ బస్సులే?"

"పడుకునే పిలుస్తోందాంటీ. కళ్లు తెరవట్లేదు. మీరొక్కసారి రారా?"

కౌంటరు పక్కవాళ్లకి అప్పగించి బయలుదేరాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉయ్యూరులో దిగేసరికి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన గాలిలో మందంగా నిలబడి ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. వాళ్ల వాకిట్లో కారు ఆగి ఉంది, శివపార్వతి భర్త కోటేశ్వరరావు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు మూసేసి వచ్చాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచాడు కానీ, మళ్లీ కూర్చున్నాడు.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ఏదో లేదనిపించింది. ఏం లేదో తెలియడానికి కాసేపు పట్టింది. చప్పుడు లేదు. అమ్మవారున్న ఇంట్లో తాలింపు వేయరు, నూనె చిటపట వినబడకూడదు. మిక్సీ లేదు, టీవీ లేదు. అద్దం మీద పసుపు గుడ్డ కప్పారు. బయట అంత ఎండ కాస్తుంటే లోపల వేపాకు వాసన, చల్లటి నేల. ఆ నిశ్శబ్దంలోంచి, లోపలి గదిలో, నాకు రోజూ పక్క కుర్చీలోంచి వినబడే గొంతు.

"ప్రయాణికులకు గమనిక. అవనిగడ్డ వెళ్లు బస్సు మరికొద్ది సేపట్లో బయలుదేరును."

నిద్రలో కలవరించే మనిషి గొంతులా లేదు. ముద్దగా లేదు, తడబడటం లేదు. ఇంట్లో ఎన్నడూ పైకి రాని ఆ గొంతు గోడలకి తగిలి మోగుతోంది.

సుబ్బరత్నంగారు వేపమండతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "కాళ్లు కడుక్కుని రామ్మా. పేరు పెట్టి పిలవకు. అమ్మా అను" అంది. రోజూ కోడల్ని 'ఏవే' అని పిలిచే మనిషి, మంచం దగ్గరికి వంగి చేతులు జోడించి, "చల్లగా చూడు తల్లీ" అంటోంది.

మంచం మీద ఉన్నది శివపార్వతే కానీ, నాకు ఒక్క క్షణం పోల్చుకోవడం కష్టమైంది. నుదుటి నుంచి పాదాల దాకా సందు లేకుండా పొక్కులు. కళ్లు సగం మూసి ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. పక్కన గిన్నెలో వాంతి. పొద్దుట్నుంచీ కొబ్బరినీళ్లు కూడా లోపల నిలవలేదని ఉషశ్రీ చెప్పింది. చెయ్యి పట్టుకున్నాను. అంత ఎండాకాలంలో ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది.

"ఉయ్యూరు హనుమయ్య గారు ఎక్కడున్నా ఎంక్వయిరీ వద్దకు రావలెను. ఉయ్యూరు... హనుమయ్య గారు... ఎక్కడున్నా... రావలెను."

సుబ్బరత్నంగారి చేతిలోంచి వేపమండ జారిపోయింది. హనుమయ్య ఆవిడ భర్త. శివపార్వతి కోడలిగా రాకముందే పోయాడు.

"విన్నావా?" అంది ఆవిడ నా వైపు తిరిగి. "మామగారి పేరు కోడలు నోటితో పలుకుతుందా? పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి పలికిందా? ఇది మా పిల్ల కాదమ్మా. తల్లే మాట్లాడుతోంది."

"పిన్నిగారూ, జ్వరానికి మతి తప్పి మాట్లాడుతోందండీ. మాత్ర వేస్తున్నారా లేదా?"

"అమ్మవారున్నప్పుడు మందేంటమ్మా!"

అమ్మవారి ఇంట్లో గొంతెత్తకూడదన్న సంగతి మర్చిపోయాను. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆ మాత్ర ఆపితే ప్రాణం పోతుందని మొహం మీదే అన్నాను. ఇప్పుడే కారు తీయమని వాకిట్లోకి చూసి కోటేశ్వరరావుని అరిచాను. అతను లోపలికి వచ్చి తల్లి ముఖం చూశాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కోపంగా కాదు.

"వీడికి ముందు నాకొక పిల్లాడున్నాడమ్మా. వాడిక్కూడా ఇలాగే పోసింది. మా ఆయన వినలేదు. బెజవాడ తీసుకెళ్లి సూది వేయించాడు. అమ్మవారు లోపలికి తిరిగింది. తెల్లారేసరికి నా ఒళ్లోనే పోయాడు." ఊపిరి తీసుకుంది. "ఒకణ్ణి సూదికి ఇచ్చాను. దీన్ని ఇవ్వను. నువ్వు చెప్పేది నిజమేనేమో. నాకు మాత్రం ఆ పొద్దే కనబడుతోంది."

ఆ ముసలామె మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. భయం మాత్రం రెట్టింపయింది. కోపంగా ఉన్న మనిషితో వాదించొచ్చు. ఈవిడ కోడల్ని కాపాడుకుంటున్నానని అనుకుంటూ చంపుకుంటోంది.

"నీలం చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడు. తెలిసినవారు..."

అది మేం రోజూ చెప్పే మాటే. తప్పిపోయిన పిల్లల్లో సగం మంది నీలం చొక్కాల్లోనే ఉంటారు. కానీ సుబ్బరత్నంగారు నేల మీద కూలబడింది. ఆవిడ ఆ రోజు పిల్లాణ్ణి సూదికని బెజవాడ పంపింది నీలం చొక్కాలోనేనట. ఆ సంగతి కోటేశ్వరరావుకి కూడా తెలియదు. అతని ముఖం చూస్తే నాకది అర్థమైంది.

తర్వాత గొంతు ఆగిపోయింది. ఆగడమే అసలు భయం. ఛాతీ లేస్తోందో లేదో అని వంగి చూశాను. నాడి చేతికి దొరకడం లేదు, దొరికినా దారంలా జారిపోతోంది. ఉషశ్రీ "అమ్మా, అమ్మా" అంటోంది. ఆ ఇంట్లో అందరూ ఆమెని అదే మాటతో పిలుస్తున్నారు. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ లేరు.

అప్పుడు టంగుమని ఒక చిన్న శబ్దం వినబడింది. బస్టాండులో మైకు మీట నొక్కితే ముందు వచ్చే శబ్దం. అక్కడ మైకు లేదు. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఆ శబ్దం విన్నది నేనొక్కదాన్నే. ఇది ఎవరు నమ్మినా నమ్మకపోయినా నేను విన్నాను.

శివపార్వతి పెదాలు కదిలాయి.

"ప్రయాణికులకు గమనిక. ఉయ్యూరు శివపార్వతి గారు ఎక్కడున్నా ఎంక్వయిరీ వద్దకు రావలెను." ఆగింది. నాకు తెలుసు, రెండోసారి నెమ్మదిగా వస్తుందని. "ఉయ్యూరు... శివపార్వతి గారు... ఎక్కడున్నా... రావలెను. ఆమె మాత్ర ఆమె వద్ద లేదు. తీసినవారు వెంటనే తెచ్చి ఇవ్వవలెను."

అంతే. తల పక్కకి వాలిపోయింది.

సుబ్బరత్నంగారు మోకాళ్ల మీదే దేవుడి గూటి దాకా పాకింది. చెయ్యి అందక కొడుకుని పిలిచింది. డబ్బా దించాక, లెంపలు వేసుకుంటూ వచ్చింది. "తప్పయింది తల్లీ. నీ మాత్ర నేనే తీశాను. నేనే తెచ్చాను" అంటూ బిళ్ల కోడలి నోట్లో పెట్టి నీళ్లు పోసింది. కోటేశ్వరరావు అప్పటికే కారు తీస్తున్నాడు.

కంకిపాడు దాటకముందే ఆ బిళ్ల నీళ్లతో సహా బయటికి వచ్చేసింది. మాత్ర నిలిచే స్థితి ఎప్పుడో దాటిపోయింది. వెనక సీట్లో నా ఒళ్లో తల, సుబ్బరత్నంగారి ఒళ్లో కాళ్లు. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఈసారి ఆవిడ వద్దనలేదు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం నర్సు సిరంజి పట్టుకుని వచ్చింది. సుబ్బరత్నంగారి కళ్లు ఆ సూది మీదే నిలిచిపోయాయి. మంచానికి అడ్డంగా చెయ్యి చాపింది. "తల్లీ, సూదట. వేయించుకుంటావా?" అని అడిగింది. మంచం మీంచి జవాబు రాలేదు. నర్సు విసుక్కుంది. నేను ఆవిడ చెయ్యి లాగేయబోయి ఆగాను. ఆవిడ చెయ్యి తనంతట తనే కిందికి దిగింది. "మందు అడిగింది తల్లే కదా. ఇవ్వండమ్మా" అంది. గోడ వైపు తిరిగి, అది అయిపోయేదాకా చెవులు మూసుకుంది.

డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి చీవాట్లు పెట్టాడు. ఏళ్ల తరబడి ఆ మందు బయటినుంచి అందుతుంటే, ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయట. పెద్ద జ్వరమొస్తే ఒంటికి అది మామూలుకన్నా ఎక్కువ కావాలట. ఆ సమయంలో ఉన్నదే ఆపేశాం. పైగా స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఆటలమ్మ మామూలుగా పోయదు, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. మొదటి పొక్కు కనబడిన రోజే రావాల్సింది. "ఇంకో గంట ఆలస్యమైతే నా దగ్గర చెప్పడానికేం ఉండేది కాదు" అన్నాడు. సుబ్బరత్నంగారు అంతా విని, "అందుకేనండీ తల్లి అడిగింది" అంది. ఆయన ఆవిడని ఒకసారి చూసి పక్క మంచం వైపు వెళ్లిపోయాడు.

శివపార్వతి బతికింది. సెలైన్లు, సూదులు, ముక్కుకి గొట్టం, చాలా రోజులు పట్టింది. మాటలొచ్చాక, గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగాను. "నిజం చెప్పవే. అత్తగారిని ఒప్పించడానికి అమ్మవారిలా మాట్లాడావు కదూ? అలాంటి తెలివి నీకుందనుకోలేదు." లోపల మాత్రం ఆమె అవుననాలని కోరుకున్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నేనేం మాట్లాడలేదక్కా. బస్టాండులో ఉన్నాను."

ప్లాట్‌ఫారం మీద జనం లేరట. ఒక బస్సు ఆగి ఉందట. "ఏ ఊరిదో చూడలేదక్కా. రోజూ బోర్డులు చదివేదాన్ని, అప్పుడు చూడాలనిపించలేదు. కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయన ఒళ్లో నీలం చొక్కా పిల్లాడు. పక్క సీట్లో తువ్వాలు వేసి నాకోసం ఆపారు. మంచివాళ్లక్కా. రా అన్నారు. కాలు మెట్టు మీద పెట్టాను కూడా. అప్పుడు మైకులో నా పేరు వినబడింది. నాది కాదేమో అనుకున్నాను. రెండోసారి నెమ్మదిగా పిలిచారు. దిగేశాను."

"ఎవరు పిలిచారు?"

"అదేంటక్కా, నువ్వేగా. నీ గొంతు నాకు తెలీదా?"

ఆ పిలుపు వచ్చినప్పుడు ఆ గదిలో నేను నోరు తెరవలేదు. ఆమె పేరు పిలిచింది నేను కాదు. ఆ మాట ఆమెతో ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు డ్యూటీకి వస్తోంది. ముఖం మీద మచ్చలు మిగిలాయి. స్టెరాయిడ్ వాడుతున్నానని రాసిన కార్డు మెళ్లో ఐడీ కార్డు వెనకే పెట్టుకుంటుంది. మాత్ర క్యాంటీన్‌లో వేసుకోవడం లేదు. పొద్దున్నే అత్తగారే దాన్ని వెండి గిన్నెలో పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచి, హారతిచ్చి, టిఫిన్ తినగానే రెండు చేతులతో అందిస్తుంది. మింగేదాకా కదలదు. ఇంక ఆ ఇంట్లో ఆ మాత్ర తప్పడమనేది జరగదు. నాకది నవ్వొచ్చే సంగతే, డాక్టరమ్మ కూడా విని నవ్వింది. శివపార్వతి మాత్రం నవ్వలేదు.

"అత్తయ్య ఇంకా నన్ను పేరు పెట్టి పిలవట్లేదక్కా" అంది ఒకరోజు. "ఏవే అని కూడా అనదు. అమ్మా అంటుంది. తల్లీ అంటుంది. కాళ్లకి దణ్ణం పెడుతుంది. ఈయన కూడా పేరు పిలవడానికి జంకుతున్నారు. అమ్మవారు ఇంకా వెళ్లలేదనుకుంటున్నారు వీళ్లు." వేళ్లకి మైకు తీగ చుట్టుకుంది. "నా పేరు వినబడకపోతే, ఆ మెట్టు మీదే ఉన్నట్టుంటుందక్కా. నువ్వు రోజుకొక్కసారి పిలవవా?"

నేను ఆమె వేళ్ల నుంచి ఆ తీగ విప్పి పక్కన పెట్టాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున కౌంటర్ తెరవకముందు, మైకు మీట నొక్కకుండానే, పక్క కుర్చీలో ఉన్న మనిషిని పిలుస్తాను. "ఉయ్యూరు శివపార్వతి గారు ఎక్కడున్నా ఎంక్వయిరీ వద్దకు రావలెను." ఆమె కళ్లు మూసుకుని వింటుంది. "వచ్చానక్కా" అంటుంది. తర్వాత ఇద్దరం పనిలో పడతాం.

ఒక్కోరోజు ఆ జవాబు రాదు. ఆమె నా పక్కనే ఉంటుంది, నాకు మోచెయ్యి తగులుతూనే ఉంటుంది, ముఖం మాత్రం ప్లాట్‌ఫారాల వైపు తిరిగి ఉంటుంది. అప్పుడు నేను రెండోసారి, నెమ్మదిగా పిలుస్తాను.